బోలెడు మాటల స్పైరల్ పుస్తకం: 120 రూపాయలు పెట్టొచ్చా?

తిరుపతిలో యూనివర్సిటీ, బాలాజీ కాలనీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో స్పోకెన్ ఇంగ్లీషు నోట్సులకు కొదవలేదు. వాటిలో ఇప్పుడు బాగా చేతులు మారుతున్నది ఒకటుంది. 'చాలా' అనడానికి ఇంగ్లీషువాళ్ళు మామూలు మాటల్లో వాడే లాట్స్, లోడ్స్, టన్స్, హీప్స్, ఊడుల్స్ లాంటి పదాలన్నీ ఒకచోట చేర్చిన 44 పేజీల స్పైరల్ పుస్తకం. ధర 120 రూపాయలు. ఒక కోచింగ్ సెంటర్ తయారుచేసింది. నాలుగు ఆదివారాల క్లాసుతో కలిపితే 1,500. ఇదే సరుకు అట్ట మార్చుకుని వేరే పేర్లతోనూ తిరుగుతోంది కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. మూడో పేజీలో 'ఎక్కువ' అనే మాట చుట్టూ నాలుగు గళ్ళ పట్టిక కనిపిస్తే అదే ఇది.

తీర్పు ముందే చెప్పేస్తే: పుస్తకం కొనొచ్చు, క్లాసు అక్కర్లేదు. మొదటి పది పేజీలు డబ్బుకు తగినవి. మధ్యలో ఉన్న 60 పదాల జాబితాలో మూడొంతులు మీకు ఎప్పటికీ పనికిరావు, కొన్ని తప్పు దారి పట్టిస్తాయి కూడా. ఏది ఉంచుకోవాలి, ఏది కొట్టేయాలి అన్నదే కింద.

'ఎక్కువ' చుట్టూ నాలుగు గళ్ళు

మన 'ఎక్కువ' ఒక్క మాటే అయినా మూడు పనులు చేస్తుంది. 'జనం ఎక్కువున్నారు' అంటే చాలామంది ఉన్నారని కావచ్చు, నిన్నటికంటే పెరిగారని కావచ్చు, భరించలేనంత ఉన్నారని కావచ్చు. వినేవాడు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాడు, మనకు ఇబ్బంది రాదు. ఇంగ్లీషులో ఈ మూడింటికీ మూడు వేరే దారులు: 'ఎ లాట్ ఆఫ్', 'మోర్', 'టూ మెనీ'. లాడ్జి కౌంటర్లో కుర్రాడు 'టుడే మోర్ రష్ సార్' అన్నప్పుడు అవతలి మనిషి దేనికంటే ఎక్కువో చెబుతాడేమోనని ఆగుతాడు. 'పొంగల్ ఈజ్ టూ మచ్ టేస్టీ' అంటే మెచ్చుకున్నారో ఫిర్యాదు చేశారో తేలదు. పట్టికలో మొదటి మూడు గళ్ళు ఇవే, ఒక్కో గడిలో రెండేసి వాక్యాలతో.

నాలుగో గడి ఇంకా బాగుంది. చిత్తూరు సరిహద్దు ఊళ్ళలో వినిపించే 'జాస్తి'కి కూడా 'ఎక్కువ' గుణమే ఉంది: పోలికా అదే, ఫిర్యాదూ అదే. కానీ 'దండిగా' అన్నామంటే అందులో పోలిక లేదు, విసుగు లేదు. కావలసినదానికి మించే ఉంది, దిగులు పడొద్దు అనే నిండుదనం ఉంది. ఇంగ్లీషులో సరిగ్గా ఆ చోట కూర్చునేది 'ప్లెంటీ ఆఫ్'. 'వీ హ్యావ్ ప్లెంటీ ఆఫ్ టైమ్' అంటే టైమ్ దండిగా ఉంది, కంగారు పడకండి అని. అందుకే 'ప్లెంటీ ఆఫ్ ప్రాబ్లమ్స్' అన్నప్పుడు వ్యాకరణం సరిగానే ఉన్నా, ఉన్నవే చాలు, కొత్తవి తేవద్దు అన్న వెటకారం వినిపిస్తుంది. తయారుచేసినవాళ్ళు ఈ ప్రాంతం వాళ్ళేనని ఈ ఒక్క పేజీ చాలు తెలుసుకోవడానికి. 'ప్లెంటీ' ముందు 'ఎ' రాదని, 'ఎ ప్లెంటీ ఆఫ్' తప్పని కూడా కింద రాశారు. మంచిదే.

ఇక్కడ ఒక లోటుంది. 'మచ్' గురించి ఒక్క మాటైనా లేదు. స్కూల్లో అందరూ 'మెనీ' లెక్కపెట్టగలిగేవాటికి, 'మచ్' లెక్కపెట్టలేనివాటికి అని నేర్చుకుని, 'ఐ హ్యావ్ మచ్ వర్క్' అనేస్తారు. ప్రశ్నలోనో 'నాట్' ఉన్న వాక్యంలోనో 'మచ్' హాయిగా ఇముడుతుంది: 'ఐ డోంట్ హ్యావ్ మచ్ వర్క్'. మామూలు వాక్యంలో మాత్రం పాత పుస్తకంలోంచి చదివినట్టుంటుంది. అక్కడే 'ఎ లాట్ ఆఫ్' కావాలి. అసలు లాట్స్, లోడ్స్ లాంటి ఈ ఇంటి మాటలన్నిటి అవసరం పుట్టేదే ఆ ఖాళీలో. పెన్సిల్‌తో మూడో పేజీ అంచున రాసుకోండి.

'ఎ' ఎక్కడ, 'ఆఫ్' ఎక్కడ, 'ఈజ్' ఎక్కడ

నాలుగు నుంచి పది దాకా పేజీలు వాక్య నిర్మాణం మీద. మన దగ్గర తప్పులు పదం తెలియక వచ్చేవి తక్కువ, ఈ చిన్న మాటలు జారిపోవడంవల్ల వచ్చేవే ఎక్కువ. 'లాట్ ఆఫ్ పీపుల్ కేమ్' అని 'ఎ' వదిలేయడం ఒకటి. 'ఎ లాట్స్ ఆఫ్' అని రెండూ పెట్టడం ఇంకొకటి. సూత్రం సులువు, 'ప్లెంటీ' ఒక్కటి మినహా: చివర 'స్' లేకపోతే ముందు 'ఎ' ఉండాలి, 'స్' ఉంటే 'ఎ' ఉండకూడదు. 'ఎ లాట్ ఆఫ్, లాట్స్ ఆఫ్. ఎ టన్ ఆఫ్, టన్స్ ఆఫ్. ఎ లోడ్ ఆఫ్, లోడ్స్ ఆఫ్.' రాసేటప్పుడు 'ఎ', 'లాట్' మధ్య ఖాళీ వదలాలి. కలిపి రాస్తే స్పెల్లింగ్ తప్పు. వాట్సాప్‌లో అమెరికావాళ్ళూ కలిపే రాస్తుంటారు, వాళ్ళను చూసి నేర్చుకోవద్దు.

'ఆఫ్' తర్వాత వస్తువు పేరు రావాలి. పేరు లేకపోతే 'ఆఫ్' కూడా ఉండదు: 'థ్యాంక్స్ ఎ లాట్', 'డోంట్ వర్రీ, వీ హ్యావ్ లోడ్స్'. 'లోడ్స్ ఆఫ్' అని వాక్యం ఆపేస్తే వినేవాడు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు.

క్రియ విషయంలో పుస్తకం తడబడింది. తొమ్మిదో పేజీలో 'ఎ లాట్ ఆఫ్ పీపుల్ ఈజ్ వెయిటింగ్' అని అచ్చయింది. 'ఎ' కనబడగానే ఏకవచనం అనుకున్నారు. ఈ పదాల్లో క్రియ చూసేది 'ఆఫ్' తర్వాతి పేరును: 'ఎ లాట్ ఆఫ్ పీపుల్ ఆర్ వెయిటింగ్', 'లాట్స్ ఆఫ్ వాటర్ ఈజ్ వేస్టెడ్'. ముందు 'ఎ' ఉన్నా మనుషులు కాబట్టి 'ఆర్', ముందు 'లాట్స్' ఉన్నా నీళ్ళు కాబట్టి 'ఈజ్'. బ్యాంకు పరీక్షలకు, ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు ఈ పేజీని నమ్మితే మార్కు పోతుంది. దీని పక్కనే చూసుకోవలసిన జంట: 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్', 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్'. మొదటిది చాలామంది అని, రెండోది ఆ సంఖ్య అని.

ఒక మెలిక ఉంది, పుస్తకం దాన్ని ముట్టుకోలేదు. 'పైల్', 'బంచ్' లాంటి మాటలు నిజమైన కుప్పనో గుత్తినో సూచిస్తే క్రియ ఆ కుప్పను చూస్తుంది: 'ఎ బంచ్ ఆఫ్ కీస్ ఈజ్ ఆన్ ద టేబుల్', అంటే తాళాల గుత్తి. 'చాలామంది' అనే అర్థంలో అయితే మనుషులను చూస్తుంది: 'ఎ బంచ్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ అవుట్‌సైడ్'. గుత్తి కళ్ళకు కడితే 'ఈజ్', లెక్క మాత్రమే చెబుతుంటే 'ఆర్'.

'ఆఫ్' అసలు అక్కర్లేనివాటి పేజీ బాగుంది. 'అంప్‌టీన్' తర్వాత నేరుగా బహువచనం రావాలి: 'అంప్‌టీన్ టైమ్స్'. మన దగ్గర విరివిగా వినిపించే 'అంప్‌టీన్ నంబర్ ఆఫ్ టైమ్స్' అనవసరపు తోక. 'జిలియన్', 'గజిలియన్' లాంటి ఉత్తుత్తి అంకెలు అసలు 'మిలియన్' నడిచిన దారిలోనే నడుస్తాయి: 'ఎ జిలియన్ థింగ్స్', లేదా 'జిలియన్స్ ఆఫ్ థింగ్స్'. 'గలోర్' వస్తువు వెనక నిలబడుతుంది: 'ఆఫర్స్ గలోర్'. ఐరిష్ భాషలోని 'గో లోర్' నుంచి వచ్చింది, అక్కడా అది వెనకే ఉండేది. పండగ సీజన్లో బట్టల కొట్ల ఫ్లెక్సీల మీద 'గలోర్ ఆఫ్ ఆఫర్స్' అని కనిపిస్తే, అది తప్పని ఇప్పుడు మీకు తెలుసు.

ఇక జాబితా

పదకొండు నుంచి 26వ పేజీ దాకా 60 పదాలు, ప్రతిదాని ఎదురుగా తెలుగులో 'చాలా, బోలెడు, అనేకం'. అదే మూడు మాటలు 60 సార్లు. అసలు పనికొచ్చే సమాచారం, అంటే ఏ పదం విసుగుకు, ఏది సంతోషానికి, ఏది అమెరికాకు, ఏది బ్రిటన్‌కు, ఏది పేపరు భాషకు అన్నది చాలాచోట్ల లేదు. పక్కన చిన్న జెండాలు వేశారు గానీ అవీ అన్నీ సరిగా లేవు: 'స్క్యాడ్స్' పక్కన బ్రిటన్ జెండా ఉంది, అది అమెరికా మాట. 'బ్యాగ్స్ ఆఫ్ ఎనర్జీ' పక్కన అమెరికా జెండా ఉంది, అది బ్రిటన్ మాట. 'హీప్స్' పక్కన బ్రిటన్ ఒక్కటే వేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆ మాట ఇంకా ఎక్కువ నలుగుతుంది, 'థ్యాంక్స్ హీప్స్' అని ఆస్ట్రేలియాలో మామూలుగా అంటారు. అక్కడికి చదువుకు వెళ్ళేవాళ్ళు మన దగ్గర తక్కువేం లేరు కాబట్టి ఇది దిద్దుకోవాలి. పలకడంలో 'హీ' దీర్ఘం నిలబడాలి. కురచ చేస్తే 'హిప్స్ ఆఫ్ వర్క్' అయి, నడుముల గురించి చెబుతున్నట్టుంటుంది.

మన జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన పదం 'టన్స్ ఆఫ్'. 'ఐ హ్యావ్ టన్స్ ఆఫ్ హోంవర్క్' అంటే ఎవరూ తూకం వేయరు. కానీ చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఉద్యోగి విదేశీ కొనుగోలుదారుకు 'వీ హ్యావ్ టన్స్ ఆఫ్ తోతాపురి' అని రాస్తే ఎన్ని టన్నులని తిరిగి ప్రశ్న వస్తుంది. నిజంగా టన్నుల్లో అమ్మే సరుకు దగ్గర ఈ మాటను అతిశయోక్తిగా వాడకూడదు. పైగా టన్ను కూడా ఒకటి కాదు: అమెరికా టన్ను 2,000 పౌండ్లు, దాదాపు 907 కిలోలు. పాత బ్రిటిష్ టన్ను 2,240 పౌండ్లు, దాదాపు 1,016 కిలోలు. మనం వాడే మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. వ్యాపార మెయిల్లో అంకె వేసి, పక్కన 'మెట్రిక్ టన్స్' అని పూర్తిగా రాయడమే పద్ధతి. బెల్లం, టమాటా వ్యాపారులకూ ఇదే వర్తిస్తుంది. 'లోడ్స్ ఆఫ్' కూడా అంతే. ఇసుక, కంకర తోలేచోట మనకు లోడంటే లారీ లోడే. ఇల్లు కట్టే ఇంజనీరు 'లోడ్స్ ఆఫ్ శాండ్' అంటే మేస్త్రీ ఎన్ని లోడ్లని అడుగుతాడు, అడగాలి కూడా.

'లోడ్'లో 'స్' ఉందా లేదా అన్నదానికి ఇంకో పట్టింపు ఉంది. 'లోడ్స్ ఆఫ్' మామూలు మాట, ఎవరినీ నొప్పించదు. 'ఎ లోడ్ ఆఫ్' తర్వాత తరచూ వచ్చేది చెత్త, సోది లాంటి మాట: 'ఎ లోడ్ ఆఫ్ రబ్బిష్'. అందుకని ఎవరి ప్రసంగాన్నో మెచ్చుకుంటూ 'ఎ లోడ్ ఆఫ్ ఐడియాస్' అంటే కొంచెం అటూ ఇటూ అవుతుంది. 'లోడ్' చివర వచ్చే కలగలుపు మాటలు కొన్ని జాబితాలో ఉన్నాయి: 'ట్రక్‌లోడ్', 'బోట్‌లోడ్' పర్వాలేదు. 'షెడ్‌లోడ్' బ్రిటన్‌లో నవ్వుతూ అనేస్తారు గానీ, అది ఒక బూతుకు తొడిగిన ముసుగు. ఓటీటీ సినిమాల్లో వినిపించే మిగతా లోడ్లు ముసుగు లేనివే. పుస్తకం వాటిని కూడా ఏ హెచ్చరికా లేకుండా 'బోలెడు' అనే అర్థంతో అచ్చువేసింది. ఇంటర్ పిల్లలు కొనే పుస్తకంలో ఇది నిర్లక్ష్యం. 19వ పేజీలో కింది నాలుగు పదాలు నల్ల ఇంకుతో కొట్టేసి ఇవ్వండి.

'పైల్స్' గురించి నవ్వొచ్చినా చెప్పక తప్పదు. మన దగ్గర ఆ మాట గోడల మీద ఆపరేషన్ లేకుండా నయం చేస్తామనే ప్రకటనల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఇంగ్లీషులోనూ ఆ అర్థం ఉంది. 'ఐ హ్యావ్ పైల్స్ ఆఫ్ వర్క్' పూర్తిగా అనండి, లేదా 'పైల్స్' ఊసే ఎత్తకండి. మధ్యలో ఆపితే ఆఫీసులో సెలవు మంజూరవుతుంది, వేరే కారణంతో.

'అంప్‌టీన్'కు పుస్తకం 'అనేక' అని అర్థం ఇచ్చింది. సరిపోదు. అందులో విసుగు ఉంటుంది. 'ఐ హ్యావ్ టోల్డ్ యూ అంప్‌టీన్ టైమ్స్' అంటే ఎన్నిసార్లు చెప్పాలి నీకు అని. సంతోషంగా 'అంప్‌టీన్ గిఫ్ట్స్ వచ్చాయి' అంటే అతకదు. మన 'సవాలక్ష' దీనికి దగ్గర బంధువు: సవాలక్ష షరతులు, సవాలక్ష అడ్డంకులు అంటాం గానీ సవాలక్ష దీవెనలు అనం. 'లక్షా తొంభై పనులున్నాయి' అన్నప్పుడు వచ్చే స్వరం 'ఎ జిలియన్ థింగ్స్ టు డూ'కు సరిపోతుంది. పుస్తకం ఈ జతలు ఇచ్చి ఉంటే పదాలు వాటంతటవే గుర్తుండేవి. పుట్టుక గురించి ఒక పెట్టెలో రాసింది మాత్రం డిక్షనరీలు చెప్పేదే: మోర్స్ కోడ్‌లో పొడుగు గీతను 'అంప్‌టీ' అని సరదాగా పిలిచేవారు, 20వ శతాబ్దం మొదట్లో సైనికుల యాసలోంచి ఈ మాట బాగా వ్యాపించిందని చెబుతారు.

'ఊడుల్స్' అమెరికాలో 19వ శతాబ్దంలో పుట్టింది. ఎక్కువగా మంచివాటికే వాడతారు: 'ఊడుల్స్ ఆఫ్ చార్మ్'. అప్పులకు, కేసులకు వాడితే వింతగా ఉంటుంది. 'ఎ బంచ్ ఆఫ్' అమెరికాలో నీళ్ళప్రాయం, డబ్బుకు, పనికి కూడా వాడేస్తారు. బ్రిటన్‌లో ఇంకా గుత్తి వాసన పోలేదు, కాబట్టి లెక్కపెట్టగలిగేవాటికే బాగుంటుంది. తిట్టేటప్పుడు రెండు దేశాలూ ఒక్కటే: 'ఎ బంచ్ ఆఫ్ ఇడియట్స్'. 'ఎ స్లూ ఆఫ్', 'ఎ రాఫ్ట్ ఆఫ్' పేపరు భాష. ప్రభుత్వం పథకాలు ప్రకటించిన మర్నాడు ఇంగ్లీషు పేపర్లలో చూడొచ్చు. నోటితో అంటే వార్తలు చదువుతున్నట్టుంటుంది. 'రీమ్స్ ఆఫ్' ఎవరికీ కష్టం కాదు, జిరాక్స్ షాపులో రీమంటే 500 కాగితాలని అందరికీ తెలుసు. 'రీమ్స్ ఆఫ్ పేపర్‌వర్క్' అందులోంచే. 'కాస్ట్ ఎ బాంబ్' అంటే బోలెడు ఖర్చయిందని అర్థం, పుస్తకంలో ఉంది. అలిపిరి తనిఖీ దగ్గర, రేణిగుంట విమానాశ్రయంలో ఆ ముక్క నోటికి రాకుండా చూసుకోండి.

జాబితాలో లేనిది, ఉండితీరవలసినది ఒకటి: 'క్వైట్ ఎ ఫ్యూ'. 'ఫ్యూ' చెవినపడగానే మనవాళ్ళు కొద్ది అనుకుంటారు. అర్థం అందుకు పూర్తిగా తలకిందులు. 'ఫ్యూ పీపుల్ కేమ్' అంటే దాదాపు ఎవరూ రాలేదు. 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే కొందరు వచ్చారు. 'క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే బాగానే వచ్చారు. ఫోన్ ఇంటర్వ్యూలో 'దేర్ ఆర్ క్వైట్ ఎ ఫ్యూ అప్లికెంట్స్' అని హెచ్‌ఆర్ చెబితే పోటీ తక్కువని సంబరపడకూడదు. లెక్కపెట్టలేనివాటికి దీని జత 'క్వైట్ ఎ బిట్ ఆఫ్'. 60 పదాల్లో 40 తీసేసి ఈ రెండూ పెట్టినా పుస్తకం బరువు పెరిగేది.

అలాగే 'ఎన్ నంబర్ ఆఫ్'. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇది వినని రోజుండదు: 'ఎన్ నంబర్ ఆఫ్ టైమ్స్ ఐ టోల్డ్'. లెక్కల పుస్తకంలోంచి వచ్చిన మాట ఇది. భారతదేశం దాటితే చాలామందికి అంతుపట్టదు. 'లాఖ్స్ ఆఫ్ పీపుల్' కూడా అంతే. లక్ష, కోటి మనకు అలవాటు, అమెరికా బంధువుల పిల్లలకు కూడా అర్థంకాకపోవచ్చు. పది లక్షలు ఒక మిలియన్, వంద కోట్లు ఒక బిలియన్ అని మార్చి చెప్పాలి. పుస్తకం ఈ రెండింటి జోలికి పోలేదు.

సంభాషణలు, ఆడియో

27 నుంచి 36వ పేజీ దాకా నాలుగు సంభాషణలు: లాడ్జి కౌంటర్, రేణిగుంట నుంచి క్యాబ్, ఫోన్ ఇంటర్వ్యూ, అమెరికాలో ఉన్న కజిన్‌తో వాట్సాప్. లాడ్జి సంభాషణ బంగారం. 'హెవీ రష్', 'ఫుల్ రష్' బదులు 'ఇట్స్ ప్యాక్డ్ టుడే', 'దేర్స్ ఎ హ్యూజ్ క్రౌడ్' నేర్పించారు. ఇసకేస్తే రాలనంత జనం అని మనం అనేచోట 'జామ్-ప్యాక్డ్', 'చాక్-ఎ-బ్లాక్' పెట్టారు. తండోపతండాలుగా రావడానికి 'కమింగ్ ఇన్ డ్రోవ్స్' ఇచ్చారు, అదీ సరైన జతే. లాడ్జి, ట్రావెల్స్, టికెట్ కౌంటర్లలో పనిచేసేవాళ్ళు ఈ రెండు పేజీలు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకుంటే చాలు.

ఫోన్ ఇంటర్వ్యూ సంభాషణ మాత్రం అభ్యర్థి నోట్లో 'ఊడుల్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్', 'గాబ్స్ ఆఫ్ స్కిల్స్' పెట్టింది. అలా మాట్లాడితే అవతలివాళ్ళకు నవ్వొస్తుంది. ఇంటర్వ్యూలో 'ఎ లాట్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' దాటి పోనక్కర్లేదు. అంకె ఉంటే అంకె చెప్పడం ఇంకా మేలు. శ్రీసిటీలో జపాన్ కంపెనీలకు వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. ఎదురుగా కూర్చునే అధికారికి కూడా ఇంగ్లీషు నేర్చుకున్న భాషే అయినప్పుడు 'స్లూ', 'స్క్యాడ్స్' ఇద్దరి మధ్య గోడ కడతాయి.

ఆడియో క్యూఆర్ కోడ్ పనిచేస్తుంది, గొంతు స్పష్టంగా ఉంది. కానీ ప్రతి 'ఆఫ్'నూ విడదీసి, ఒత్తి పలికారు. మాట్లాడేటప్పుడు అది 'అవ్' అయి ముందుమాటలో కరిగిపోతుంది: టన్జవ్, లోడ్జవ్, బంచవ్. ఊత పడేది 'టన్', 'లోడ్' మీద. పుస్తకం ఆడియోతో సాధన చేస్తే మాట్లాడటం వస్తుంది, వినడం రాదు. ఈ లోటుకు ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్, కేంబ్రిడ్జ్ డిక్షనరీల వెబ్‌సైట్లు ఉచితం. అవసరమైన పదాల పక్కన అది మామూలు మాటో రాత మాటో, బ్రిటన్‌దో అమెరికాదో గుర్తు కూడా ఉంటుంది. పుస్తకంలో జెండా చూడగానే అక్కడ ఒకసారి సరిచూసుకోవాలి.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళకు ఒక పేజీ కేటాయించారు, అందులో 'ఈ పదాలు రాతలో ఎక్కడా వాడకండి' అని ఒక్క గీత గీసేశారు. సగమే నిజం. అకడమిక్ పరీక్షలో 150 మాటల మొదటి టాస్క్, 250 మాటల రెండో టాస్క్ రెండింటిలోనూ వాడకూడదు. అక్కడ 'ఎ గ్రేట్ డీల్ ఆఫ్' లెక్కపెట్టలేనివాటికి, 'ఎ లార్జ్ నంబర్ ఆఫ్' లెక్కపెట్టగలిగేవాటికి. కానీ జనరల్ ట్రైనింగ్‌లో మొదటి టాస్క్ ఉత్తరం స్నేహితుడికి రాయమని ఇస్తే 'లోడ్స్ ఆఫ్' చక్కగా ఇముడుతుంది, అక్కడ బిగుసుకుపోయి రాస్తేనే ఎబ్బెట్టు. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. అందులో పదసంపదకు నాలుగో వంతు మార్కులు. అరడజను ఇంటి మాటలు సందర్భానికి తగ్గట్టు దొర్లితే మంచిదే. ఒకే జవాబులో నాలుగు కుక్కితే బట్టీ కొట్టారని తెలిసిపోతుంది.

క్లాసు సంగతి: ఒక్కో ఆదివారం రెండు గంటలు, బ్యాచ్‌లో 40 మంది దాకా. టీచర్ నోరు విప్పకపోయినా ఒక్కొక్కరికి మూడు నిమిషాలే వస్తాయి, టీచర్ నోరు విప్పుతారు కదా. మొదటి ఆదివారం టెన్సులకే పోతుంది. పుస్తకంలో లేనిది ఏమీ అదనంగా చెప్పరు. ఆ 1,380 తేడా మిగుల్చుకోండి.

సొంతంగా చేసుకోదలిస్తే ఆరు పదాలు చాలు: ఎ లాట్ ఆఫ్, ప్లెంటీ ఆఫ్, క్వైట్ ఎ ఫ్యూ, అంప్‌టీన్, టన్స్ ఆఫ్, ఆరోది మీ వాళ్ళు ఉన్న దేశాన్ని బట్టి బంచ్ లేదా లోడ్స్ లేదా హీప్స్. ఒక్కో పదానికి మీ పనికి సంబంధించిన వాక్యాలు మూడు రాయండి: ఒకటి లెక్కపెట్టగలిగే వస్తువుతో, ఒకటి లెక్కపెట్టలేనిదానితో, ఒకటి ప్రశ్నగా. కొన్ని పదాలకు ఏదో ఒకటి కుదరదు. అంప్‌టీన్‌కు, క్వైట్ ఎ ఫ్యూకు లెక్కపెట్టలేనిది పొసగదు. అలా కుదరనిచోటే ఆ పదం స్వభావం తెలుస్తుంది. తర్వాత క్రియ సరిచూడండి, తర్వాత గట్టిగా చదివి ఫోన్లో రికార్డు చేసుకుని 'ఆఫ్' కరిగిందో లేదో వినండి.

చివర్లో 40 ప్రశ్నల సాధన, దాని జవాబులు. ప్రశ్నలు బాగా తయారుచేశారు, జవాబుల్లో మూడు తప్పులున్నాయి. ఏడో ప్రశ్న, 'ఎ లాట్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్ ____ వెయిటింగ్'లోని ఖాళీకి 'ఈజ్' అని ఇచ్చారు, 'ఆర్' కావాలి. 18వ ప్రశ్నకు 'గలోర్ ఆఫ్ మ్యాంగోస్' అని ఇచ్చారు, వాళ్ళే ముందు చెప్పిన సూత్రం ప్రకారం 'మ్యాంగోస్ గలోర్'. 31వ దానికి 'అంప్‌టీన్ ఆఫ్ రీజన్స్' అని ఉంది, 'ఆఫ్' తీసేయాలి. కొత్త ముద్రణలో వీటిని దిద్దుతారేమో. డబ్బులిచ్చేముందు 43వ పేజీ తెరిచి చూడండి. ఏడో జవాబు ఇంకా 'ఈజ్' అనే ఉంటే పాత స్టాకే, ఓ 20 రూపాయలు తగ్గించమని అడగొచ్చు.